దారం కరిగే వారం

గువ్వ తల్లికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. ఏదో ఒకరోజు, బాగా తెల్లవారి కిటికీలోంచి ఎండ పక్క మీద పడుతుండగా, కూతురు లేచి కూర్చుని "అమ్మా, ఇంకా తెల్లవారలేదా?" అని అడుగుతుందేమోనని. అందుకే రోజూ పిల్లకంటే ముందే లేచి, పక్కనే కూర్చుని, అది కళ్ళు తెరవగానే మూడు వేళ్ళు చూపించేది. "మూడు" అనేది గువ్వ ఆవులిస్తూ. ఆ మాట చెవిన పడ్డాక గానీ ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళేది కాదు.

"రోజూ మూడేనా? చూడకుండానే చెప్పేస్తోంది పిల్ల. ఒకరోజు నాలుగు చూపించి చూడవే" అంది అత్తగారు ఒకసారి.

నాలుగు చూపించడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

గువ్వకి ఏడేళ్ళు. బడిలో వేరే పేరుంది గానీ ఇంట్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. పుట్టినప్పుడు చూసినవాళ్ళంతా "అబ్బ, ఎంతేసి కళ్ళో!" అన్నారు. తల్లి మురిసిపోయింది. వెలుతురులోకి తీసుకొస్తే పిల్ల మొహం తిప్పేసుకుంటుంటే సిగ్గు కాబోలు అనుకున్నారు. ఎప్పుడూ నీళ్ళు కారుతుంటే జలుబన్నారు. ఆ కళ్ళు అంతేసి కావడం అందం కాదని, లోపల ఊరే నీటికి బయటికి పోయే దారి మూసుకుపోయి, ఒత్తిడికి కనుగుడ్డే సాగిపోతోందని తెలిసేసరికి ఎడమ కన్ను పోయింది. వెలుతురు ఏదో, చీకటి ఏదో మాత్రం దానికి తెలుస్తుంది, అంతే. కుడి కంటికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. రెండూ కొన్నాళ్ళు పనిచేసి మొండికేశాయి. ఇక పిల్లకి మిగిలింది ఆ ఒక్క కన్ను. అందులో ఒత్తిడి ముప్ఫైనాలుగు. ఇరవై దాటకూడదట.

మూడో ఆపరేషనుకి ముందు పెద్ద డాక్టరమ్మ అత్తాకోడళ్ళిద్దరినీ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసింది.

"ఇది చిన్న బిళ్ళ. చొక్కా గుండీ అంత ఉంటుంది. రెప్ప కింద, కంటి పైపొర లోపల పెట్టి కుట్టేస్తాం. దీనికొక సన్నటి గొట్టం. గొట్టం కొస కంట్లో ఉంటుంది. ఎక్కువైన నీరు గొట్టంలోంచి బిళ్ళ మీదికి వచ్చి, అక్కడే ఇంకిపోతుంది."

"గుండీ సరే డాక్టరమ్మా, కాజా ఎక్కడ కుడతారు?" అంది అత్తగారు.

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, కలం మూత పెట్టి చెప్పింది. "ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. గొట్టాన్ని దారంతో బిగించి కట్టేస్తాం. బిళ్ళ చుట్టూ కొత్త పొర పెరిగేదాకా నీరు పోకూడదు. ముందే పోతే కన్ను చప్పబడిపోతుంది. ఆ దారం అయిదో వారం దాటాక దానంతటదే కరిగిపోతుంది. అప్పటిదాకా ఒత్తిడి తగ్గించే చుక్కలు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. దారం కరిగిన రోజున ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు ఈ చుక్కలే మనకి చేటు, ఆపేయాలి. కన్ను మసకేసినా, సలిపినా, ఏ వేళైనా సరే పిల్లని తీసుకుని పరుగెత్తుకు రండి. సరేనా?"

గువ్వ తల్లి తల ఊపింది. మాటలన్నీ విన్నది. ఒక్కటి మాత్రం ఆమెకి మింగుడు పడలేదు. దారం కరిగిపోవడం ఏమిటి?

ఆమె చేసే పని దారంతోనే. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన దగ్గర్నుంచి బైండింగు షాపులో నోటు పుస్తకాలు కుడుతోంది. మడతపెట్టిన ఫారాలు దొంతరగా పేర్చి, దబ్బనంతో తూట్లు పొడిచి, మైనం రాసిన దారం లాగి ముడేస్తుంది. ఆ షాపులో ఒక ఆచారం ఉంది. కుట్టు ఊడిందని ఎవరైనా పుస్తకం తిరిగి తెచ్చిస్తే మేస్త్రి ఏమీ అనడు. ఆ పుస్తకాన్ని తీసుకొచ్చి, కుట్టిన మనిషి ముందు, సరిగ్గా అందరూ డబ్బాలు విప్పుకుని తినే వేళకి, నిటారుగా నిలబెట్టి వెళ్ళిపోతాడు. కాగితాలు ఒక్కొక్కటే జారి డబ్బాలో పడతాయి. ఇన్నేళ్ళలో గువ్వ తల్లి ముందు పుస్తకం నిలబడింది ఒక్కసారే. ఆ రోజు ఆమె తిండి ముట్టలేదు. ముడి వదులైందంటే కట్టినవాళ్ళ చేతకానితనమే అని ఆమె ఒంట్లో ఇంకిపోయింది. పిల్ల కంట్లో కట్టిన ముడి మంచి ముడి కావాలని, అది ఎన్నటికీ ఊడకూడదని, తెలియకుండానే కోరుకుంది.

ఆపరేషను బాగా జరిగింది. మొదటి వారం చూపించడానికి వెళ్తే, ఒత్తిడి కొలిచే సిస్టరు పెన్ను లాంటి బుల్లి యంత్రాన్ని గువ్వ కంటికి ఆనించీ ఆనించకుండా టిక్కు టిక్కుమనిపించి, "ఇరవై నాలుగు" అని గట్టిగా చదివింది. పక్క గదిలోంచి డాక్టరమ్మ రాసుకుంది. మూడో వారం "ఇరవై మూడు." డాక్టరమ్మ తలెత్తి, "చుక్కలు సరిగ్గా వేస్తున్నావా అమ్మా?" అంది.

అడగాల్సిన మాటే అడిగింది పాపం. కానీ గువ్వ తల్లి తల దించుకుంది. బడిలో లెక్కల పంతులు మార్కులు ఇలాగే గట్టిగా చదివేవాడు. తక్కువ వచ్చినవాళ్ళు బెంచీ మీద నిలబడాలి. ఇక్కడ మార్కులు ఎంత తక్కువొస్తే అంత మంచిది, అంతే తేడా. ఆ నంబరు పిల్ల కంటిది కాదు, తన పెంపకానిది అనిపించింది ఆమెకి. తల్లిగా తనకెన్ని మార్కులో ఆ సిస్టరు నలుగురిలో చదివి వినిపిస్తోందనిపించింది.

అయిదో వారం చూపించుకునే తేదీకి మూడు రోజుల ముందు నుంచి ఆమె మధ్యాహ్నం పూట కూడా ఒక చుక్క వేయడం మొదలుపెట్టింది. గువ్వ బడి నుంచి తిండికి వచ్చే వేళకి తనూ బైండింగు షాపు నుంచి ఇంటికి పరుగెత్తుకొచ్చేది.

"చుక్కలు రెండు పూటలే కదే?" అంది అత్తగారు.

"ఒకటి ఎక్కువైతే ఏమవుతుంది అత్తయ్యా, మందే కదా, విషం కాదుగా."

"ఏమో తల్లీ. పరీక్ష ముందు రోజు పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే రకంలా ఉన్నావు."

అయిదో వారం సిస్టరు టిక్కు టిక్కుమనిపించి, మళ్ళీ ఒకసారి చూసి, "పదహారు!" అంది. డాక్టరమ్మ మొహం విప్పారింది. "చాలా మంచిది. ఇలాగే ఉంటే వారం వారం రానక్కర్లేదు. రెండు వారాలకి రండి. మధ్యలో మసకేస్తే మాత్రం..."

"పరుగెత్తుకొస్తాను" అంది గువ్వ తల్లి. ఆ క్షణాన ఆమె కాళ్ళు నేల మీద లేవు.

బయట బెంచీ మీద ఒకామె ఏడుస్తోంది. ఒళ్ళో రెండేళ్ళ పాప, కళ్ళు కప్పేటట్టు కిందికి లాగిన నల్ల టోపీ, మొహం తల్లి భుజంలో దాచుకుని ఉంది. గువ్వ తల్లికి వేరే చెప్పక్కర్లేకపోయింది. వెళ్ళి పక్కన కూర్చుంది.

"గుండీ బిళ్ళేనా?"

ఆమె తల ఊపింది. "మూడు వారాలైందక్కా. ఇవాళ ఇరవై ఏడొచ్చింది. దీనికీ ఒక్క కన్నే మిగిలింది. నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. ఒక్కో పూట చుక్క వేయడం ఆలస్యం అవుతుంది. అదంతా నా వల్లే అంటాడు మా ఆయన." ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, పొడవుగా, నున్నగా మెరుస్తోంది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

గువ్వ తల్లికి గుండె కరిగిపోయింది. అందులో కాస్త గర్వం కూడా కలిసిందని చెప్పక తప్పదు. మొదటిసారి ఒకరికి చెప్పేటంత తెలివి తన దగ్గర ఉంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఒక మాట చెప్తాను, లోపల ఎవరికీ చెప్పకు. మధ్యాహ్నం కూడా ఒక చుక్క వెయ్యి. మా పిల్లకి ఇవాళ పదహారొచ్చింది. చుక్కలు మాత్రం ఆపకు. పాప మసకంటే ఇంకో చుక్క వెయ్యి, అంతే."

"మా పాపకి ఇంకా మసక అనడం రాదక్కా."

"అయితే చిరాకు పడితే వెయ్యి."

"సరే అక్కా" అంది టోపీ పాప తల్లి. గువ్వ తల్లి చేతిని రెండు చేతులతో పట్టుకుని, "నీ మేలు మర్చిపోను" అంది.

తర్వాత ఆరు రోజులు ఇంట్లో నవ్వులు వినబడ్డాయి. గువ్వ తండ్రి లారీ డ్రైవరు. పది రోజులకోసారి ఇంటికొస్తాడు. ఫోనులో పదహారని వినగానే, "నాకు పదహారు టైర్ల బండి ఇచ్చినప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదే" అన్నాడు. మధ్యాహ్నం చుక్క గువ్వ తల్లి ఆపలేదు. మంచిదాన్ని ఆపడం ఎందుకనుకుంది.

ఆరో రోజు గురువారం. గువ్వ బడి అయ్యాక బైండింగు షాపుకొచ్చి, తల్లి బల్ల కింద కూర్చుని, కుట్టడం అయిపోయిన పుస్తకాలకి పేర్ల చీటీలు అంటించేది. అది దాని ఉద్యోగం. ఆ రోజు ఒక పుస్తకం తెరిచి మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"మేస్త్రి తాతా, రూళ్ళు వంకరగా కొట్టారు."

మేస్త్రి పుస్తకం అందుకున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూశాడు. "వంకరా? స్కేలు పెట్టి కొట్టినట్టున్నాయి కదే పిల్లా! నా మిషనుకే వంక పెడతావా?"

"నిజం తాతా. గీతలు వానపాముల్లా మెలికలు తిరుగుతున్నాయి."

షాపంతా నవ్వింది. గువ్వ తల్లి చేతిలో దబ్బనం సగం పుస్తకంలో, సగం గాలిలో ఆగిపోయింది.

ఈ పిల్లకి చూపు తగ్గినప్పుడల్లా కారణం ఒక్కటే అయ్యింది. ఏడేళ్ళుగా మసకంటే ఒత్తిడి పెరిగిందనే. ఒత్తిడి పెరిగిందంటే చుక్కలు. ఆమె బుర్ర ఇంకో దారిలో ఆలోచించడమే మర్చిపోయింది. దారం, అయిదో వారం, పడిపోవడం, ఆ మాటలన్నీ ఎక్కడో అడుగున ఉన్నాయి. పైకి తేలింది ఒకటే మాట. పదహారు పోయింది. మళ్ళీ ఇరవై దాటింది. మళ్ళీ కోస్తారు.

ఇంటికెళ్ళగానే చుక్క వేసింది. పడుకునే ముందు ఇంకోటి. శుక్రవారం మొత్తం నాలుగు వేసింది. పిల్ల కన్ను లోపల బరువుగా సలుపుతోందంది. బడి మాన్పించి చీకటి గదిలో పడుకోబెట్టింది. శనివారం గువ్వ పాల గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకుంది.

"ఏమే, ఆస్పత్రికి పద" అంది అత్తగారు, చెప్పులు తొడుక్కుని మరీ వచ్చి. "మసకేస్తే రమ్మందిగా డాక్టరమ్మ. నేను చెవిటిదాన్నేం కాదు, విన్నాను."

"తేదీ ఇంకా వారం ఉంది అత్తయ్యా."

"తేదీ కంటికి తెలుస్తుందా?"

"ఇప్పుడు వెళ్తే నంబరు ఎక్కువొస్తుంది. చుక్కలు సరిగ్గా వేయలేదంటారు. మళ్ళీ కోస్తామంటారు. రెండు రోజులు గట్టిగా వేస్తే దిగుతుంది. దించి తీసుకెళ్తాను. ఒక్క రెండు రోజులు ఓపిక పట్టండి."

అత్తగారు చెప్పులు విప్పలేదు. గుమ్మం దగ్గర కూర్చుండిపోయింది. ఆ పెద్దావిడ నోటికి ఎదురు లేదు గానీ, కోడలు పిల్ల కోసం పడే పాట్లు ఏడేళ్ళుగా చూస్తున్నది కాబట్టి, అంత గట్టిగా చెప్తే కాదనలేకపోయింది. దాన్ని తలుచుకుని ఆవిడ ఇప్పటికీ తన నోటిని తనే తిట్టుకుంటుంది.

ఆదివారం పొద్దున్న గువ్వ లేచేసరికి తల్లి పంపు దగ్గర ఉంది. పక్కన కూర్చున్నది నాయనమ్మ. ఆవిడ ఒక్క వేలు చూపించింది.

"మూడు" అంది గువ్వ.

గువ్వ తల్లికి పంపు దగ్గరికి వినబడింది అత్తగారి కేక. బిందె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పిల్లని చంకనేసుకుని ఇద్దరూ రోడ్డెక్కారు.

ఆదివారం కాబట్టి ఆస్పత్రిలో జనం లేరు. ఆ సిస్టరే ఉంది. గువ్వ కంటికి యంత్రం ఆనించింది. టిక్కు. ఇంకోసారి. మూడోసారి. యంత్రాన్ని అరచేతిలో తట్టి నాలుగోసారి చూసింది.

"రెండు" అంది, మెల్లగా.

గువ్వ తల్లి మొహం వెలిగిపోయింది. రెండా! ముప్ఫైనాలుగు ఎక్కడ, రెండెక్కడ! తను వేసిన చుక్కలు ఊరికే పోలేదు. ఆమె నవ్వుతూ అత్తగారి వైపు తిరిగింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే, సిస్టరు కుర్చీ వెనక్కి నెట్టి డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తడం చూసింది.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. జెల్లీ రాసిన స్కానింగు పరికరమొకటి రెప్ప మీద పెట్టి తెర మీద లోపలి బొమ్మ కూడా చూసింది. తర్వాత స్టూలు తిప్పుకుని గువ్వ తల్లికి ఎదురుగా కూర్చుంది.

"దారం కరిగింది. కన్ను గాలి తగ్గిన బంతిలా మెత్తబడిపోయింది. లోపలి పొరల వెనక నీరు చేరి ఉబ్బింది. చూపు ఉండే చోట పొర ముడతలు పడింది. ఎన్నాళ్ళైంది మసక మొదలై?"

"నిన్న... మొన్న..."

"చుక్కలు ఎప్పుడు ఆపావు?"

గువ్వ తల్లి పిల్ల జుట్టు సవరించింది. "మసకనగానే ఆపేశానండీ" అంది.

"ఆపడమా?" అంది వెనకనించి అత్తగారు. "అబద్ధం చెప్పకే తల్లీ, పిల్ల కన్నే. గురువారం నుంచి రోజుకి నాలుగు వేస్తోంది డాక్టరమ్మా. అంతకుముందు మూడు. మీకు చూపించే ముందు కూడా మూడే."

గువ్వ తల అటూ ఇటూ తిప్పి, "డాక్టరమ్మా, మీరు ఎటువైపున్నారు?" అంది.

డాక్టరమ్మ దాని చెయ్యి తీసుకుని తన మొహానికి ఆనించుకుంది. తర్వాత అంది, "ఒత్తిడి పెరిగినా మసకే, పడిపోయినా మసకే. ఏది ఏదో ఇంట్లో కూర్చుని చెప్పలేరమ్మా. అందుకే రమ్మన్నాను. ఆ రోజు పదహారొచ్చింది చూడు, అది చుక్కలదో, దారం వదులవడం మొదలైందో తేల్చుకోగలిగేదాన్ని. మూడు పూటలని తెలిస్తే రెండు వారాలు వదిలేదాన్నే కాదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

ఆ మధ్యాహ్నమే పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. కంట్లోకి చిక్కటి మందు ఎక్కించి కనుగుడ్డుని మళ్ళీ నిండుగా చేసి, గొట్టాన్ని మళ్ళీ దారంతో, ఈసారి నీరు కొద్దికొద్దిగా పోయేటట్టు, కట్టారు. గువ్వ తల్లి బయట బెంచీ మీద కూర్చుంది. గోడకి అంటించిన తెల్ల పలకలు లెక్కపెట్టింది. అడ్డంగా పదకొండు, నిలువుగా పంతొమ్మిది. మళ్ళీ మొదలుపెట్టింది. అయిదో పలక దగ్గర ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఈ బెంచీయే. ఇక్కడే. "సరే అక్కా."

"సిస్టర్!" అని లేచింది. "టోపీ పాప. నల్ల టోపీ. రెండేళ్ళ పాప. వాళ్ళమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆ పాపకి దారం ఎప్పుడు కరుగుతుంది?"

సిస్టరుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నువ్వేం చెప్పావు ఆవిడకి?" అంది.

గువ్వ తల్లి చెప్పింది. దాచుకోకుండా మొత్తం చెప్పింది. సిస్టరు ఫైలు తీసింది. పాపకి అప్పటికి నాలుగు వారాలు దాటుతున్నాయి. శుక్రవారం రావాల్సింది, రాలేదు. ఫోను చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ బయటికొచ్చి, విని, ఫైల్లో ఉన్న చిరునామాకి అప్పటికప్పుడు ఉత్తరం రాయించింది. నాలుగు రోజులకి ఆ ఉత్తరం వెనక్కి వచ్చింది. ఇల్లు ఖాళీ చేశారని దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది.

గువ్వని ఇంటికి పంపిన మర్నాడే గువ్వ తల్లి లాండ్రీల వెంట తిరిగింది. మొదటి రెండు చోట్ల అలాంటి మనిషి లేదన్నారు. మూడోది బస్సుల షెడ్డు వెనక. లోపల ఆవిరి, తడి బట్టల వాసన, మనిషికి మనిషి కనబడడం లేదు.

"ఆవిడా?" అన్నాడు యజమాని, దుప్పటి మడతపెడుతూనే. "మానేసి వారమైంది. మొగుడికి ఎక్కడో పని దొరికిందట, సామాను ఎత్తుకుని పోయారు."

"ఎక్కడికి?"

"అడగలేదమ్మా. అడిగితే చెప్పేది కూడా కాదు. బెదురు మనిషి."

ఇస్త్రీ బల్ల దగ్గరున్న ముసలామె తల తిప్పింది. "ఆ పాప తల్లి గురించేనా? వెళ్ళే రోజున కూడా ఇక్కడే, ఈ మూట మీద కూర్చుని పిల్లకి చుక్క వేసింది. మిట్టమధ్యాహ్నం. ఇదేంటే, పొద్దునా సాయంత్రమూ కదా అంటే, 'ఒక అక్క చెప్పింది, వాళ్ళ పిల్లకి బాగైంది' అంది. నువ్వు చుట్టానివా?"

గువ్వ తల్లి ఆవిరిలోంచి వీధిలోకి వచ్చి, షెడ్డు గోడ పట్టుకుని నిలబడింది. ఒక బస్సు వెనక్కి వస్తూ హారను కొట్టేదాకా కదలలేదు.

మూడు వారాల తర్వాత గువ్వ కంటి ఒత్తిడి పన్నెండు. ఏ చుక్కా లేకుండా పన్నెండు. గొట్టం చక్కగా పనిచేస్తోంది, ఆపరేషను నెగ్గినట్టే అంది డాక్టరమ్మ. సిస్టరు ఆ నంబరుని గట్టిగా చదవలేదు. కాగితం మీద రాసి, మడిచి, గువ్వ తల్లి చేతికిచ్చింది.

కానీ ఇదివరకు గోడ మీద చార్టులో అయిదో వరస చదివే పిల్ల ఇప్పుడు రెండో వరస దగ్గర ఆగిపోతోంది. లోపలి ముడతలు కొన్ని విప్పుకున్నాయి, కొన్ని అలాగే ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ ఇంకాస్త తేరుకోవచ్చు, తేరుకోకపోనూవచ్చు అన్నారు. ఇక బతికినన్నాళ్ళూ చూపించుకుంటూనే ఉండాలి. బిళ్ళ చుట్టూ పొర మందమై నీరు ఆగిపోవచ్చు. గొట్టం రాచుకుని పైకి తేలవచ్చు. కంటి ముందుండే అద్దం లాంటి పొర మసకబారవచ్చు. ఎర్రబడితే పరుగు, సలిపితే పరుగు, మసకేస్తే పరుగు. గువ్వ తల్లి ఈసారి అవన్నీ అత్తగారి ఎదుట, గట్టిగా, ఒక్కొక్కటే తిరిగి చెప్పింది.

బైండింగు షాపులో గువ్వకి చీటీలు అంటించే పని కష్టమైంది. చీటీ తలకిందులుగా పడుతోంది. మేస్త్రి ఏమీ అనలేదు. ఆ పుస్తకాలని ఎవరి ముందూ నిలబెట్టలేదు. తనే తీసుకెళ్ళి, చీటీలు తడిపి ఊడదీసి, తిన్నగా అంటించుకుంటున్నాడు. "గీతలు ఇంకా వంకరేనా పిల్లా?" అని అడిగితే, "కొంచెం తగ్గాయి తాతా, నీ మిషను బాగుపడుతోంది" అంటుంది గువ్వ.

గువ్వ తల్లి నవ్వదు. పిల్ల కన్ను అంతవరకైనా దక్కిందని ఊరట పడే వేళల్లో కూడా ఆమె వేళ్ళు ముడుచుకుని వారాలు లెక్కపెడుతుంటాయి. ఆ రెండేళ్ళ పాపకి అయిదో వారం దాటింది. ఆరోదీ దాటింది. ఇప్పుడు ఎనిమిదోది నడుస్తోంది. ఎక్కడుందో తెలియని ఒక గదిలో, ఆ ముడి ఈపాటికి కరిగిపోయే ఉంటుంది. మసక అని చెప్పడం రాని పిల్ల చిరాకు పడుతుంటుంది. తల్లి ఇంకో చుక్క వేస్తుంటుంది.

డాక్టరమ్మ తెలిసిన కంటి ఆస్పత్రులన్నిటికీ కబురు పెట్టింది. గువ్వ తండ్రి లారీ ఆపిన చోటల్లా లాండ్రీలలో అడుగుతున్నాడు. ఇంతవరకు జాడ లేదు.

అందుకని, ఇది చదువుతున్న మీరు ఒక్క సాయం చేయాలి. మీ వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళలో, పొట్టిగా, బెదురు బెదురుగా, ప్రతి మాటకీ "సరే అక్కా" అనే మనిషి ఉందేమో చూడండి. ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన పొడవాటి మచ్చ ఉంటుంది. చంకలో పాప, నల్ల టోపీ కళ్ళ మీదికి లాగి ఉంటుంది. కనబడితే ఇంటికెళ్ళి తలుపు కొట్టండి. రోజుకి ఎన్ని చుక్కలు వేస్తున్నావని అడగండి. మెల్లగా అడగండి, గద్దిస్తే రెండే అంటుంది. ఆ అక్క చెప్పింది తప్పని చెప్పండి. ఆ రోజే, తేదీ చూడకుండా, పాపని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనండి. ఎన్ని వేసిందో అక్కడ ఉన్నదున్నట్టు చెప్పమనండి. వీలైతే మీరూ తోడు వెళ్ళండి. పాప టోపీ తీయనివ్వకపోతే కిటికీ దగ్గరికి వేసి, కాసేపు ఆగండి. గదిలో వెలుతురు తగ్గితే తనే తీస్తుంది. అప్పుడు ఆ కన్ను ఎలా ఉందో చూడండి.